డిసెంబరులో బెజవాడ ఎండలు

మా సాఫ్ట్‌వేర్ బృందం వార్షిక సమావేశం ఏ ఊళ్ళో పెట్టాలో తేల్చుకోవడానికి ఈ రోజు పొద్దున్న అందరం ఆన్‌లైన్‌లో కలిశాం. చివరికి హైదరాబాదా, విజయవాడా అన్నదగ్గర ఆగింది. నాది విజయవాడలోని పటమట కాబట్టి అందరూ నా మాట కోసం చూశారు.

ఏ ఊళ్ళో పెడితే ఆ ఊరివాళ్ళే హాలూ, బసా, భోజనాలూ చూసుకోవాలన్నది మా ఆనవాయితీ. ఆ తిరుగుడంతా తలుచుకోగానే నోటికొచ్చింది అనేశాను.

"అమ్మో, మా బెజవాడ ఎండలకి మీరు తట్టుకోలేరండీ!"

అందరూ నవ్వి హైదరాబాదుకే ఓటేశారు. అప్పుడు చల్లపల్లి నుంచి రెహానా మైకు ఆన్ చేసింది. మూడేళ్ళుగా మా సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకి తెస్తున్నది ఆ అమ్మాయే. మాలో ఎవరమూ ఆమెను నేరుగా చూడలేదు.

"సార్, మన మీటింగ్ డిసెంబర్లో కదండీ?"

"అంటే... అప్పుడూ కాస్త ఉక్కగానే ఉంటుందమ్మా" అని నసిగాను.

"విజయవాడైతే పొద్దున్నే బస్సెక్కి సాయంత్రానికి ఇంటికొచ్చేసేదాన్నండీ. హైదరాబాదంటే మా ఇంట్లో పంపరు. పర్లేదులెండి, ఈసారి కూడా ఫోన్లోనే చూస్తాను."

అడ్డం ఎండ కాదమ్మా, నా బద్ధకం అని చెప్పడానికి నోరు రాలేదు.

సొంత ఊరి మీద నింద వేసి పని తప్పించుకున్నవాళ్ళు మీలో ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే చెప్పండి, నాకు తోడుంటుంది. ఇక్కడ ఇంతమంది ముందు ఒప్పుకున్నాను గానీ, ఆ అమ్మాయికి మాత్రం ఇంకా ఒక్క ముక్కా రాయలేదు.