నూనె అడుగున నీళ్ళు

నా చిన్నప్పుడు సుంగై సుమున్ ఎస్టేటులో కూలీల లైను ఇంట్లో, మా నాయనమ్మ దేవుడి దగ్గర పెట్టిన దీపం ఒక పొద్దున చిటపటలాడి ఆరిపోయింది. మర్నాడే అమ్మవారి పండగ. ఆ నూనె పక్కింటి అక్క ఇచ్చింది. పెళ్ళయి కొత్తగా మా లైనుకి వచ్చిన మనిషి. కొబ్బరిపాలు కాచి ఆమె తీసిన నూనెతోనే పండగనాడు గుడిలో దీపాలు వెలిగించాలని లైనువాళ్ళు అనుకున్నారు.

“నూనెలో నీల్లు కలిపీసినాది! రేపు గుడికాడ అందరి ముందూ అడిగేస్తాను,” అంది నాయనమ్మ. అమ్మవారినే మోసం చేసిందన్న మాట పడితే, ఇక ఆ అక్కని లైనులో ఎవరు పలకరిస్తారు?

ఆ సాయంత్రం నాకూ అక్క చేసే ప్రతి పనీ తేడాగానే కనిపించింది. బిందె నింపుకుంటే ఇన్ని నీళ్ళెందుకో అనుకున్నాను. తలుపు ఓరగా వేస్తే లోపల కలుపుతోందనుకున్నాను. నన్ను చూసి నవ్వితే మరీ అనుమానం వేసింది.

మా తాతయ్య రెండు వెడల్పు మూతి గాజుసీసాలు తెచ్చాడు. ఒకదాంట్లో అక్క ఇంటి నూనె, రెండోదాంట్లో మా డబ్బా అడుగున మిగిలిన నూనె పోసి, కదపొద్దని కిటికీలో పెట్టాడు. ఉప్పయితే నీళ్ళలో కరిగి దాక్కుంటుందట. నూనెలో నీళ్ళు దాక్కోలేవట, ఎంత కలిపినా కాసేపటికి అడుక్కి దిగిపోతాయట.

తెల్లారి చూస్తే మా సీసా అడుగున నీళ్ళు తేటగా నిలిచి ఉన్నాయి. అక్క సీసాలో చుక్క లేదు.

“సూసినావా, మంచిది దాసుకుని మనకి కల్తీది ఇచ్చినాది!” అంది నాయనమ్మ. నేనూ అదే అనుకున్నాను.

తాతయ్య అప్పుడు అక్క సీసా ముందు పెట్టి, రోజూ ఎలా వేస్తుందో అలాగే ప్రమిదలో నూనె వెయ్యమన్నాడు. నాయనమ్మ అప్పుడే స్నానం చేసి తడిచీరతో ఉంది. దేవుడి గరిటెని మడి నీళ్ళలో ముంచి, తుడవకుండా అలాగే సీసాలో పెట్టింది. గరిటె అంచు నుంచి ఒక చుక్క జారి, నూనెలోంచి పూసలా కిందికి దిగి, అడుగున కూర్చుంది. అలా రోజూ పడ్డవన్నీ డబ్బా అడుగున చేరి, నూనె తరిగాక గరిటెలోకి వచ్చాయన్నమాట.

నాయనమ్మ వంగి ఆ చుక్కని చూసింది. “అవి మడి నీల్లు కదా,” అంది.

“మడి నీల్లయితే మాత్రం నూనెలో కలుస్తాయేటే?” అన్నాడు తాతయ్య.

ఆరోజు గుడిలో నాయనమ్మ అక్కని చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకెళ్ళి, మొదటి దీపం ఆమె చేతే వెలిగింపజేసింది. ఎందుకో అక్కకి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు సైబర్‌జయ పట్నంలో నా మనవరాలు బడిలో మిశ్రమాల పాఠం చదువుకుంటోంది. నీళ్ళూ నూనే ఎందుకు కలవవో టీచరు చెబుతుంది, అది నాకు రాదు. నాకు వచ్చింది ఒక్కటే. పక్కవాళ్ళ మీద అనుమానం పుట్టినప్పుడల్లా, నోరు తెరిచే ముందు నా చేతులు ఒకసారి తుడుచుకుంటాను, తడి ఉన్నా లేకపోయినా.