పట్టుచుట్టలో బోసి నుదురు

ఈ అరబ్బు దేశంలో, మబేలాలో నాతోపాటు ఒకే ఇంట్లో పనిచేసే గోదావరి అక్క మొన్న చనిపోయింది. లీవు మీద ఊరికి పోయింది, అక్కడే గుండెనొప్పి వచ్చిందంట. వాళ్ళ మరిది ఫోన్ చేసి చెప్పినాడు. ఆమె గురించి మంచిగా నాలుగు మాటలు చెప్దామని కూర్చుంటే ముందు సిగ్గే ముంచుకొస్తాంది. ఎందుకో మీకు చెప్పాల.

అక్కకు చిన్న వయసులోనే మొగుడు పోయినాడు. ఊళ్ళో బొట్టు తీసేయించినారు. ఈ దేశం వచ్చినాక, ఇక్కడ నన్ను ఎవరే అడిగేది అని, రోజూ స్నానం చేసి కుంకుమ పెట్టుకునేది. లీవుకు పోయేటప్పుడు ఎయిర్‌పోర్టు బాత్రూంలో మొహం కడుక్కొని విమానం ఎక్కేది. మాడిన అట్టు నా కంచంలో పడనిచ్చేది కాదు, తనే తినేది. నేను కడప మీద బెంగతో ఏడిస్తే, "ఏడుద్దువుగానిలే, ముందు అన్నం తిను" అనేది.

మా మేడమ్ దగ్గర చైనా పట్టుచుట్ట ఒకటి ఉంది. చాప మాదిరి చుట్టిపెట్టిన పొడుగాటి పట్టుగుడ్డ, దాన్నిండా ఆడోళ్ళ బొమ్మలు. తల దువ్వుకునేవాళ్ళు, బిడ్డనెత్తుకున్నవాళ్ళు, విసనకర్ర పట్టుకున్నవాళ్ళు. ఇంటికెవరన్నా వస్తే బల్లమీద పెట్టి కొంచెం కొంచెంగా చూపిస్తుంది. ఒక కొస నేను విప్పుతాంటే ఇంకో కొస అక్క చుట్టుకుంటా రావాల. అందరి నుదుటా ఎర్రటి గుర్తు. చివర్లో పిల్లనగ్రోవి పట్టుకొని ఒంటరిగా కూర్చున్నామెకు మాత్రం లేదు. ఒక శుక్రవారం దుమ్ము దులపతా అక్క ఆమెకు కుంకుమ అద్దేసింది. పట్టు పీల్చేసుకుంది, ఇంక పోతుందా!

మేడమ్ అడిగితే అక్క దాచలేదు. వచ్చిన అరబ్బీలోనే చెప్పింది.

"అంతమందిలో ఆమె ఒక్కదాని మొహమే బోసిగా ఉంది మేడమ్. చూడలేకపోయాను."

మేడమ్ చుట్ట అల్మారాలో పెట్టి తాళమేసింది, మళ్ళీ మా చేతికియ్యలేదు. ఇద్దరి పనీ ఊడేది గదా అని నేను రూమ్‌లో తిట్టినా. ఊడితే ఊడిందిలే అని అక్క నవ్వింది.

మొన్న ఊళ్ళో అక్కను సాగనంపే ముందు మరిది పెళ్ళాం వీడియోకాల్ చేసింది. చూసినా. అక్క నుదురు ఉత్తగా ఉంది.

"ఆఖరిసారి ఏమైనా చెబుతారా అండీ?" అని అడిగింది.

బొట్టు పెట్టండి అనే మాట గొంతుదాకా వచ్చింది. చచ్చినాక ఆమె మీద మాటలు పడతాయేమోనని నాకు నేను చెప్పుకున్నా. అంతా సాకు. నువ్వెవతివి చెప్పనీకి అంటారని నా భయం.

"ఏం లేదమ్మా, కానియ్యండి" అన్నా.

ఆమె ఫోను పక్కన పెట్టింది, కాల్ కట్ చేసేది మరిచిపోయింది. పైన తిరిగే ఫ్యాను కనిపిస్తా ఉంది, ఏడుపులు వినిపిస్తా ఉండాయి. అప్పుడు అరిచినా వాళ్ళకు వినపడేది. నేను నోరు మూసుకొని ఆ ఫ్యానునే చూస్తా కూర్చున్నా.