మిల్లు గోడకు కట్టిన చీర

నా చిన్నప్పుడు మేం ఆదోనిలో ఒక పత్తి మిల్లు ఆవరణలోనే కాపురం ఉండేవాళ్లం. డెబ్బైల నాటి మాట. మా నాన్న ఆ మిల్లులో మేస్త్రీ. దీపావళి దాటి పత్తి బండ్లు రావడం మొదలైతే ఉగాది దాకా మిల్లు చప్పుడు ఆగేది కాదు. పొడవాటి రేకుల షెడ్డులో యంత్రాలు వరసగా ఉండేవి. ఒక్కో యంత్రం ముందు ఒక్కో ఆడమనిషి కూర్చుని చేత్తో పత్తి పెడుతుంటే గింజలు కింద రాలిపోయి, దూది బుట్టలోకి వచ్చేది. ఆ దూది నలుసులు మా అన్నం మీద కూడా వాలేవి. మా అమ్మ వాటిని తిట్టని పూట లేదు.

ఆ ఆడవాళ్లలో ఒక పద్ధతి ఉండేది. ఎవరూ పెట్టింది కాదు, వాళ్లకు వాళ్లే అలవాటు చేసుకున్నారు. నీళ్లకో, బిడ్డకు పాలివ్వడానికో లేవాల్సి వస్తే, పక్కనున్న మనిషి మోచేతిని తాకి లేచిపోయేవాళ్లు. ఆ చప్పుడులో మాట వినపడదు కనుక తాకడమే. పక్కామె ఒక చేత్తో తన యంత్రానికి, ఇంకో చేత్తో లేచిపోయినామె యంత్రానికి పత్తి పెడుతూ ఉండేది. యంత్రం ఉత్తినే తిరిగేది కాదు, లేచినామె మాట పడేది కాదు.

మా పక్క గదిలో ఉండే అక్కకు ఆరు నెలల కొడుకు. ఆమె భర్త దూది బేళ్లు మోసేవాడు. షెడ్డు వసారాలో, తనకు కనపడేలా, దూలానికి పాత చీరతో ఉయ్యాల కట్టి, పిల్లవాణ్ణి అందులో పడుకోబెట్టి అక్క పనికి కూర్చునేది. ఆమె పక్క యంత్రం దగ్గర ఒక ముసలామె కూర్చునేది. మేమంతా ఆమెను చాచీ అని పిలిచేవాళ్లం. రోజుకు నాలుగైదు సార్లు అక్క చాచీ మోచేతిని తాకి లేచేది. చాచీ తల కూడా తిప్పకుండా రెండో చెయ్యి చాపేది.

ఆ ఏడు మా బళ్లో టీచరు ఒక కొత్త పెన్సిలు బల్ల మీద పెట్టి, నెలాఖరుకు ఎవరి చూచిరాత బాగుంటే వాళ్లకిస్తానన్నారు. అది నాకే వచ్చింది. ఆ నెలంతా నా పక్కన కూర్చునే పిల్లకు నా పుస్తకం చూపించలేదు, రబ్బరు అడిగినా ఇవ్వలేదు. ఆ సంగతి మాత్రం దాచేసి, పెన్సిలు కోసం క్లాసంతా ఎలా కిక్కురుమనకుండా రాసిందో మా నాన్నకు గొప్పగా చెప్పాను. అప్పుడే ఆయనకు బేళ్లు వేళకు పోవడం లేదని మిల్లు సావుకారు చేత రోజూ చీవాట్లు పడుతున్నాయి. నా మాట విని ఆయన చాలాసేపు గడ్డం గోక్కుంటూ కూర్చున్నాడు.

మూడో రోజుకల్లా ఎమ్మిగనూరు నుంచి ఒక నేత చీర వచ్చింది. ఆకుపచ్చ చీర, పసుపుపచ్చ అంచు. షెడ్డు చివరి గోడకు, అందరికీ కనపడేంత ఎత్తున దాన్ని కట్టించాడు మా నాన్న. ఉగాది నాటికి ఎవరు ఎక్కువ బుట్టలు నింపితే చీర వాళ్లదే. ఈ ఉపాయం మా పాప చెప్పిందని మిల్లులో అందరితోనూ అన్నాడు. నేను పొంగిపోయి నేల మీద నడవలేదు కొన్నాళ్లు.

ఉపాయం పారింది. బేళ్లు వేళకు పోయాయి, సావుకారు ముఖం విప్పారింది. నవ్వులు తగ్గాయని మా అమ్మ ఒకసారి అంటే, పనికొచ్చింది నవ్వడానికా అన్నాడు మా నాన్న. పక్కామె యంత్రానికి పెట్టిన పత్తి పక్కామె బుట్టలోనే పడుతుంది కదా. ఆ సంగతి మొదట ఎవరికి తట్టిందో తెలియదు. మోచేతిని తాకితే కొందరు విసుక్కున్నారు, కొందరు అటు తిరిగి కూర్చున్నారు. కొన్నాళ్లకు తాకడమే మానేశారు.

ఉగాది మూడు వారాలు ఉందనగా అక్క కొడుకుకు విరేచనాలు పట్టుకున్నాయి. ఆ రోజు అక్క పనికి రాకుండా ఉండాల్సింది. వచ్చింది. పొద్దున ఉయ్యాల కదిలితే ఒకసారి పరుగెత్తుకుంటూ పోయి పాలిచ్చి వచ్చేసరికి యంత్రం ఉత్తినే తిరుగుతోంది. మళ్లీ కదిలితే చాచీ మోచేతిని తాకింది. చాచీ కదలలేదు. కాసేపటికి ఇంకోసారి తాకింది. ఆ తరువాత అక్క లేవలేదు. ఉయ్యాల కొంతసేపు కదిలి ఆగిపోతే, నిద్రపోయాడనుకుందట.

ఎండలు ముదిరి మాకు ఒంటిపూట బడి నడుస్తోంది. మధ్యాహ్నం నేను పలక సంచి ఊపుకుంటూ వచ్చి ఉయ్యాలలోకి తొంగి చూశాను. పిల్లవాడి కళ్లు సగం తెరిచి ఉన్నాయి. పెదాలు ఎండి తెల్లగా ఉన్నాయి. ఏడవడం లేదు కనుక బాగానే ఉన్నాడనుకున్నాను. ఉయ్యాల ఒకసారి ఊపి అన్నానికి పోయాను. ఇది ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

అన్నం గంట కొట్టాక అక్క వచ్చి బిడ్డను ఎత్తుకుంది. మా నాన్నే జట్కా పిలిచి ఆస్పత్రికి తీసుకుపోయాడు. ఒంట్లో నీళ్లే లేవని, పొద్దుననే తేవాల్సిందని డాక్టరు అన్నాడట. పొద్దు గూకకముందే బిడ్డను గుడ్డలో చుట్టి తెచ్చారు. చాచీ మా గడపలో కూలబడి మా నాన్నతో ఒకే మాట అంది. "నన్ను తాకింది అప్పా. రెండుసార్లు తాకింది. నేను తెలీనట్టు కూసున్నా."

మర్నాడు చీర తీసేస్తానని మా నాన్న సావుకారును అడిగాడు. ఇన్నాళ్లకు పని గాడిన పడింది, ఉగాది దాకా ఉండనీ అన్నాడు సావుకారు. మా నాన్న ఉండనిచ్చాడు. ఆ పిరికితనం ఆయన్ను చివరిదాకా తొలిచింది.

అక్క ఐదో రోజున పనికి వచ్చింది. అప్పటినుంచి పొద్దున కూర్చుంటే మళ్లీ అన్నం గంటకే లేచేది. ఒక్కోరోజు అప్పుడూ లేచేది కాదు. చాచీ తనంతట తానే అక్క యంత్రానికి పత్తి పెట్టబోతే, ఆ చేతిని మెల్లగా పక్కకు జరిపేది. కోపంగా కాదు, అవసరం లేదన్నట్టు.

ఉగాది ముందు రోజు యంత్రాలు ఆపి అందరినీ నిలబెట్టారు. అందరికంటే ఎక్కువ బుట్టలు అక్కవే. సావుకారు సంతోషపడిపోయాడు. అంత కష్టం వచ్చినా పని విడవలేదు, మనిషంటే ఇట్లుండాలని తక్కిన ఆడవాళ్లకు చెప్పాడు. మా నాన్న గోడ మీది చీర దింపి, దుమ్ము దులిపి, అక్క చేతుల్లో పెట్టాడు. కొత్తచీర అందుకుంటే ఎవరైనా కళ్లకద్దుకుంటారు. అక్క అద్దుకోలేదు. మా నాన్న ముఖంలోకి చూసి, మామూలుగా మాట్లాడుతున్నట్టే అంది.

"బుట్టలు నిండక ఏమైతాయి అన్నా. లేసి పోయే పని లేకపాయె గదా నాకు."

ఏమంటోందని సావుకారు అడిగాడు. ఏమీ లేదన్నాడు మా నాన్న.

ఆ సాయంత్రం నేను ఏడుస్తూ, ఆ ఉపాయం చెప్పింది నేనే కదా అన్నాను. మా నాన్న నన్ను దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. "నువ్వు పెన్సిలు సంగతి సెప్పినావు, అంతే తల్లీ. సీర తెచ్చి కట్టినోణ్ణి నేను. ఇది నువ్వు మోసేది కాదు." అంత మాట అన్న తండ్రి దొరకడం నా అదృష్టం. కానీ మోయకుండా ఉండడం నా చేతిలో లేదు.

మరుసటి ఏడు యంత్రం లేని మనిషిని ఒకరిని అదనంగా పెట్టమని, లేచినవాళ్ల చోట ఆమె కూర్చుంటుందని మా నాన్న సావుకారును అడిగాడు. ఆయన ఒప్పుకోలేదు. అప్పుడు మా నాన్నే ఆడవాళ్ల వరసలో కూర్చుని, ఎవరు లేస్తే వాళ్ల యంత్రానికి పత్తి పెట్టడం మొదలుపెట్టాడు. మేస్త్రీకి మతిపోయిందని మగవాళ్లు ఎగతాళి చేశారు. ఆయన పట్టించుకోలేదు. అక్క మాత్రం అది చూడలేదు. అప్పటికే మొగుడూ పెళ్లాలు వరి కోతలకని కౌతాళం వైపు వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

తరువాత నేను ఉద్యోగంలో చేరి, చివరి పన్నెండేళ్లు ఒక ఆఫీసులో పదిమంది మీద పెద్దగా ఉన్నాను. ఏటా ఉత్తమ ఉద్యోగి పేరు పంపమని పైనుంచి కాగితం వచ్చేది. పంపను అనే ధైర్యం నాకూ లేదు, మా నాన్న కూతుర్నే కదా. కానీ పేరు రాసేముందు ఆ మనిషిని పిలిచి కూర్చోబెట్టి, ఇంట్లో ఎవరున్నారు, ఎవరికి బాగాలేదు, దేన్ని వదిలేసి ఇంత పని చేశావు అని అడిగేదాన్ని. చాలామంది నవ్వి, అలాంటిదేమీ లేదు మేడం అనేవారు. ఒక ఏడు ఒకమ్మాయి నవ్వలేదు, తల దించుకుని కూర్చుంది. నేను కాగితం పక్కన పెట్టి, ఆమె బల్ల మీది ఫైళ్లన్నీ నా బల్ల మీదికి తెప్పించుకుని, ఆమెను ఇంటికి పంపాను.