ముత్తైదువ ఉన్న ఇంటికే అద్దెకు

నాకు సంతకం చేయడం వచ్చు. అంతకు మించి రాయడం రాదు. నేను చెబుతుంటే మా వీధిలో ఉండే పంతులమ్మగారు రాస్తున్నారు. నన్ను మంచిదాన్ని చేసి రాయొద్దని ముందే చెప్పాను.

మా ఆయన భిలాయి ప్లాంటులో, రోలింగు మిల్లులో పనిచేసేవాడు. రిటైరు కాకుండానే పోయాడు. క్వార్టరు ఖాళీ చేయమని కాగితం వచ్చాక భిలాయిలోనే సుపేలా అనే పేటలో అద్దె గది కోసం తిరిగాను. మన తెలుగువాళ్ళ ఇల్లొకటి ఖాళీగా ఉందంటే ముందు అక్కడికే వెళ్ళాను. ఆ ఇంటావిడ నన్ను గుమ్మం బయటే నిలబెట్టి నా నుదురు చూసింది.

"ఏటనుకోకమ్మా. మా ఆయన పొద్దున్నే డ్యూటీకెళ్తారు. ఎదురుగా నువ్వొస్తే బాగోదు కదా" అంది.

నాకు కోపం రాలేదు. ఆవిడన్నది న్యాయమే అనిపించింది. చివరికి ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ ఏమీ అడక్కుండా, "రహో నా దీదీ" అంటూ తాళంచెవి చేతిలో పెట్టింది. ఇప్పటికీ ఆ గదిలోనే ఉంటున్నాను.

ఆయన పోయాక వచ్చిన డబ్బుతో ఇల్లు కొనమన్నది విజయనగరంలో ఉన్న మా తమ్ముడు. "ఇక్కడైతే చూసుకోడానికి నేనున్నాను. అద్దె నెలనెలా నీకు పంపిస్తాను" అన్నాడు. ఊరి చివర రెండు గదులు, వంటిల్లు, చిన్న వరండా. రిజిస్ట్రేషనుకి వెళ్ళి చెప్పినచోటల్లా సంతకాలు పెట్టాను. మా తమ్ముడూ మరదలూ లోపల పాలు పొంగిస్తుంటే నేను రోడ్డు మీద నిలబడ్డాను. కొత్త ఇంట్లో నా అడుగు పడకూడదనుకున్నాను. నన్నెవరూ ఆపలేదు. లోపలికి రమ్మని మరదలు రెండుసార్లు పిలిచింది కూడా.

తిరిగి భిలాయి వచ్చాక తమ్ముడు ఫోను చేశాడు.

"ఎవరికిద్దామక్కా?"

"ముత్తైదువ ఉన్న ఇంటికే ఇవ్వు. మొగుడు లేనోళ్ళకి మాత్రం వద్దు."



"ఏటక్కా, నువ్వేనా ఈ మాటంటున్నావు?"

"నా బతుకు ఎలాగూ అయిపోయింది. ఇల్లయినా బాగుండాలి కదరా."

వారం తిరక్కుండానే మనుషులు దొరికారన్నాడు. మొగుడు షిప్పులో పనిచేస్తాడట. ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుడుతుందట. చదువుకుంటున్న కూతురు ఉందట. షిప్పు ఉద్యోగం అనగానే నాకు గొప్పగా అనిపించింది. ఇక్కడ నలుగురికీ చెప్పుకున్నాను.

రెండేళ్ళ తర్వాత కళ్ళు చూపించుకుందామని దుర్గ్‌లో రైలెక్కి విజయనగరం వెళ్ళాను. తమ్ముడు స్టేషనుకి వస్తానన్నాడు గానీ కనిపించలేదు. అడ్రసు కాగితం ఆటో అతనికి చూపించి తిన్నగా నా ఇంటికే పోయాను.

తలుపు తీసిన మనిషికి ముప్పై అయిదేళ్ళుంటాయి. మెడలో టేపు, నల్లపూసలు. నుదుట ఇంత బొట్టు. నా నుదురూ, చేతిలో సంచీ చూసింది.

"ఎవరు కావాలండీ?"

"భిలాయి నుంచి వచ్చాను."

"ఓనరమ్మగారి తాలూకా? రండి పిన్నిగారూ, లోపలికి రండి. ఎండన పడి వచ్చారు."

ఓనర్ని నేనేనని చెప్పబోయాను. అప్పటికే ఆవిడ కుర్చీ మీది గుడ్డలు తీసి, ఫ్యాను వేసి, మంచినీళ్ళు తెచ్చింది. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. నేను కొన్న ఇంట్లో నేను కూర్చోవడం అదే మొదటిసారి.

ఆవిడ టీ పెట్టి, మిషను దగ్గర కూర్చుని హుక్కులు కుడుతూ కబుర్లలో పడింది.

"బాబాయిగారు పోయి ఎన్నాళ్ళయిందండీ?"

"నాలుగేళ్ళమ్మా."

"మాకు ఆరేళ్ళండి" అనేసింది. అన్నాక సూది చేతిలోనే ఆగిపోయింది.

నేను ఆవిడ బొట్టు వైపు చూశాను. ఆవిడ లేచి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఓనరమ్మగారితో అనకండి పిన్నిగారూ, మీకు దణ్ణం పెడతాను. మనలాంటోళ్ళకి ఇల్లివ్వొద్దన్నారంట ఆవిడ. అప్పటికే ఎన్ని గుమ్మాలెక్కి దిగానో నాకే తెలీదు. ఓనరమ్మగారి తమ్ముడుగారే జాలిపడి మా ఆయన్ని షిప్పెక్కించారు" అని నవ్వింది. "బతికున్నప్పుడు రామతీర్థం దాటి ఎళ్ళలేదండి ఆ మనిషి. ఇప్పుడు దుబాయంటారు, సింగపూరంటారు. ఎదురింటావిడ సెంటు సీసా తెమ్మంటోంది!"

నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే తల దించుకున్నాను.

"మరి ఎన్నాళ్ళిలాగ?" అన్నాను.

"పిల్ల చదువయ్యేదాకా. ఈ బొట్టు తీసేస్తే పెళ్ళి జాకెట్లు నాచేత ఎవరు కుట్టిస్తారండీ? నా చేతి కుట్టు కన్నా నా నుదురే ముందు చూస్తారు."

ఈ మాట ఆవిడ నాతో విడమరిచి చెప్పింది. నేను విన్నాను. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు.

ఇంతలో బయట మోటారుసైకిలు ఆగింది. మా తమ్ముడి కేక. "అక్కా! స్టేషనంతా వెతికొస్తున్నాను. నీ ఇల్లు నువ్వే కనిపెట్టీసావేటి?"

ఆవిడ లేచి నిలబడింది. మొహంలో నెత్తురు లేదు. అంతవరకూ పిన్నిగారూ అన్న మనిషి, "మీరా అండీ ఓనరమ్మగారు" అంది.

నేను అప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలే, మెల్లగా, తప్పు నాదేనని చెప్పాల్సింది. ఆ మాట నోటికి రాలేదు. సిగ్గుతో ఒళ్ళు మండిపోతోంది. అది ఎలా వదిలించుకోవాలో తెలీక వరండాలోకి వచ్చి తమ్ముడి మీద పడ్డాను. మిల్లు రొదకి మా ఆయన చెవులు పోయాయి. ఆయనకి వినపడేలా మాట్లాడీ మాట్లాడీ నా గొంతు వీధంతా వినిపిస్తుంది.

"మొగుడు పోయినదానికి బొట్టు వేషం వేయిస్తావేట్రా? ఆరేళ్ళయిందట పోయి! నాకూ లేడు మొగుడు, చచ్చిపోయానా? ఇదిగో అమ్మాయ్, ఓనర్ని నేను చెబుతున్నాను. షిప్పూ లేదు గిప్పూ లేదు. బొట్టు లేకుండానే ఉండు నా ఇంట్లో. ఎవరేటంటారో నేను చూస్తాను!"

తమ్ముడు "అక్కా, అక్కా" అంటూనే ఉన్నాడు. గేటు దగ్గర ఎదురింటావిడ నిలబడి ఉంది. చంకలో బట్టల సంచి. కూతురి పెళ్ళి జాకెట్ల గుడ్డలవి. ఆవిడ నన్ను చూసింది, గుమ్మంలో ఉన్న మనిషిని చూసింది.

"మళ్ళీ వస్తాన్లే అమ్మాయ్" అని సంచీతో సహా వెనక్కి వెళ్ళిపోయింది.

"అలాగేనండి" అంది మా అద్దె మనిషి. ఆవిడతో అందో నాతో అందో తెలీదు.

నాకది అప్పుడు అర్థం కాలేదని చెప్పొచ్చు. అయింది. అయినా పట్టించుకోలేదు. ఆ క్షణాన నేను చాలా మంచిదాన్ననిపించింది నాకు. అంతవరకూ మండిన సిగ్గు చల్లారింది. రైల్లో వస్తూ పక్క సీటావిడకి చెప్పాను. సుపేలాలో కుళాయి దగ్గర చెప్పాను. "బడే దిల్ వాలీ హో దీదీ" అని, పెద్ద మనసు నాదని మెచ్చుకుంటే కాదనలేదు.

మూడు నెలలయ్యాక తమ్ముడు ఫోను చేశాడు. ఇల్లు ఖాళీ చేసిందట.

"ఉండమన్నాను కదరా, ఎందుకెళ్ళింది?"

"నువ్వు ఉండమన్నావక్కా. వీధి ఉండనిచ్చిందా? జాకెట్లు ఒక్కటీ రాలేదు. రెండేళ్ళు అబద్ధమాడిందని మొహం మీదే అన్నారు. దాని కూతుర్ని కూడా, మీ నాన్న ఏ ఊళ్ళో దిగాడే అని ఆట పట్టించారు."

"నన్ను తిట్టిందా?"

"లేదు. ఆవిడ మంచికే అన్నారు అంది."

తిట్టినా బాగుండేది. ఆవిడ రెండేళ్ళు కూడబెట్టుకున్న పరువు నేను నా సిగ్గు దించుకోవడానికి ఖర్చుపెట్టాను. ఆవిడకి అబద్ధం నేర్పింది నా మాటే, దాన్ని వీధిలో బయటపెట్టిందీ నా నోరే. సుపేలాలో నన్ను గుమ్మంలో నిలబెట్టిన ఇంటావిడ ఇంత చేయలేదు.

"ఇప్పుడెక్కడుందిరా? అడ్రసు చెప్పు. వచ్చి కాళ్ళు పట్టుకుంటాను."



"నాకు తెలుసక్కా. కానీ నీకు చెప్పొద్దంది. నువ్వొస్తే ఆ వీధికీ తెలిసిపోద్దని దాని భయం. నేను చెప్పను."

"చెప్పకు" అన్నాను.