పచ్చికబయలు హద్దు నడిచిన రోజు

2019 అక్టోబరు. న్యూజెర్సీలో, మా ప్లెయిన్స్‌బరోకి కారులో కొద్ది దూరంలో ఒక యూనివర్సిటీ లైబ్రరీ. దాని కింది అంతస్తులో ప్రాచీన పత్రాల రీడింగ్ రూమ్. అక్కడికి పెన్ను తీసుకురానివ్వరు, పెన్సిలే. కోటు బయట, నీళ్ళ సీసా బయట. లోపల కాగితం తిప్పిన చప్పుడుకే నలుగురు తలెత్తి చూస్తారు. ఆ నెలలో మేపుల్ చెట్ల పసుపు కిటికీలోంచి వచ్చి బల్లల మీద, వందల ఏళ్ళ నాటి తోలు మీద పడి, సాయంత్రం దాకా అక్కడే కునుకు తీసేది.

నేను అక్కడ మైక్రోఫిల్మ్ ఆపరేటరుగా చేరి, రిటైరయ్యాక వారానికి కొన్ని రోజులు వాలంటీరుగా వెళుతున్నవాణ్ణి. మైక్రోఫిల్మ్ ఆపరేటరంటే పాత పత్రాలను ఒక్కొక్కటిగా కెమెరా కింద పెట్టి సన్నని ఫిల్మ్ మీదికి ఎక్కించేవాడు. అంతకుముందు, మన దేశంలో, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో దస్తావేజులు రాసేవాణ్ణి. ఇంటరు దాటని చదువు. కెమెరా కిందికి వచ్చిన లాటిన్ పత్రాల్లో మన దస్తావేజుల పోలిక కనబడింది. ఉండబట్టలేక, లైబ్రరీలో లాటిన్ క్లాసు జరుగుతుంటే వెనక కూర్చుంటానని అడిగాను. "నీ పని ఫోటో తీయడం, చదవడం కాదు" అన్నారు. అన్నాయన మొహమే కాదు, ఆ రోజు కట్టుకున్న టై మీది గీతలు కూడా నాకు గుర్తున్నాయి. క్లాసులో ఖాళీ కుర్చీలు ఉన్నాయి మరి! ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సరే, పాత పుస్తకాల సేల్‌లో ఒక వ్యాకరణం కొనుక్కుని, లంచ్ అవర్లలో నాకు నేనే నేర్చుకున్నాను.

లాటిన్ రావడం వేరు, ఆ పత్రాలు చదవడం వేరు. పార్చ్‌మెంట్ అంటే గొర్రె తోలును గీకి, సాగదీసి ఆరబెట్టినది. ఖరీదైన సరుకు. అందుకని రాసేవాడు మాటలను సగం మింగి, మింగిన చోట పైన చిన్న గీత గీసేవాడు. దీన్ని అబ్రివియేషన్ అంటారు. మొదట్లో పత్రమంతా చీమల బారులా ఉంటుంది. రోజూ చూస్తూ కూర్చుంటే ఒకనాడు ఆ చీమలు ఆగి మాటలవుతాయి. మగతలో ఉండగా ఎవరో పేరు పెట్టి పిలిచినట్టుంటుంది ఆ క్షణం.

మేఘన నా దగ్గరికి వచ్చింది ఆ అక్టోబరులోనే. నార్త్ కరోలైనా మోరిస్‌విల్‌లో పుట్టి పెరిగిన పిల్ల, ఇక్కడ చరిత్రలో పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె చదువుతున్నది ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక దానపత్రం. మటిల్డా అనే వితంతువు తన పచ్చికబయలును ఒక మఠానికి ఇచ్చింది. ఇలాంటి దానాల్లో ఆడవాళ్ళ పేరుంటుందే గాని, నడిపించింది కొడుకులే అంటారు చాలామంది పెద్దలు. కాదు, ఈవిడ స్వయంగా సాక్షులతో హద్దు నడిచి మరీ ఇచ్చిందని మేఘన వాదన. అలా భూమి చుట్టూ నడిచి అందరి ఎదుటా హద్దు తేల్చడాన్ని పెరాంబులేషన్ అంటారు. చిక్కల్లా, ఈ పత్రంలో హద్దు కలవడం లేదు.

"అంకుల్, ఇది క్లోజ్ అవ్వట్లేదు," అంది నోట్సు నా ముందుకు తోసి. "వైట్ స్టోన్ దగ్గర స్టార్ట్ అయ్యి, స్ట్రీమ్ వెంట కిందికి వెళ్ళి, ఓల్డ్ డిచ్ దాటి, లేడీ రెస్ట్ తీసుకున్న ప్లేస్‌కి వస్తారు. నెక్స్ట్ లైన్‌లో మళ్ళీ వైట్ స్టోన్ నుంచి, అదర్ సైడ్ ఎక్కి, 'పైన చెప్పిన చోటు దాకా' అని ఎండ్! లేడీ దగ్గర్నుంచి స్టోన్‌కి ఎలా వచ్చారో లేదు."

"మీ ప్రొఫెసర్ ఏమందమ్మా?"

"ఐ-స్కిప్ అంటోంది." రాసేవాడి కన్ను ఒక వరస నుంచి ఇంకో వరసకు జారి, నడిమి వరస ఎగిరిపోవడాన్ని అలా అంటారు. "లైన్ మిస్ అయిన దాని మీద చాప్టర్ కట్టలేవు, వదిలెయ్ అంది. ఫ్రైడే మీటింగ్. ఇది పోతే నేనూ డ్రాప్ అయిపోతాను అంకుల్. అమ్మ ఆల్రెడీ కోడింగ్ బూట్‌క్యాంప్ లింక్ పంపింది, కొన్ని నెలల్లో నేర్పించి జాబ్‌కి రెడీ చేస్తారని."

"పంపితే?"

"ఓపెన్ చేశాను," అంది తల దించుకుని.

నాకు కోపం వచ్చింది. తమకు అర్థం కాకపోతే రాసినవాడిదే తప్పా? దస్తావేజు రాసిన చెయ్యి నాది. హద్దుల దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తాం. అక్కడ తప్పితే రేపు తలలు పగులుతాయి. పేరైనా తెలియని ఆ లేఖరి తరఫున అప్పటికప్పుడు వకాల్తా పుచ్చుకున్నాను.

పుచ్చుకుని మొదట చేసింది మాత్రం తప్పు పని. "నాలుగు దిక్కులూ విడదియ్యి. తూర్పున ఏముంది, దక్షిణాన ఏముంది..." అన్నాను. మన దస్తావేజుల్లో చెక్కుబందీ అలాగే ఉంటుంది కదా: తూర్పు ఫలానావారి చేను, దక్షిణం పంటకాలువ. పాపం ఆ పిల్ల బుధవారమంతా రాయినీ వాగునూ కందకాన్నీ దిక్కుల్లో సర్దుతూ కూర్చుంది. ఏదీ ఎక్కడా ఇమడలేదు.

గురువారం మధ్యాహ్నం పత్రం మళ్ళీ చూశాను. అందులో తూర్పు లేదు, పడమర లేదు. దిగడం, దాటడం, ఎక్కడం, మళ్ళడం, ఇవే ఉన్నాయి. మేం పొలం గట్టున నిలబడి నాలుగు వైపులా చెయ్యి చూపించినట్టు రాసేవాళ్ళం. వీళ్ళు నడిచినది నడిచినట్టు రాశారు.

"లే తల్లీ, నడుద్దాం."

"వేర్?"

"బయటికి. నువ్వు రాసుకున్న కాగితం తెచ్చుకో."

లైబ్రరీ వెనక వాలుగా పెద్ద లాన్ ఉంది. తుంపర అప్పుడే ఆగింది, గడ్డి మీద పొగమంచు పరుచుకుంటోంది. పుస్తకాలు తిరిగి వేసే ఇనుప పెట్టె మాకు తెల్లరాయి. వాననీళ్ళ కాలువ వాగు. సైకిళ్ళ స్టాండు పక్క పల్లం పాత కందకం. మేఘన ముందు, నేను వెనక. ఆమె ఒక్కో ముక్కా లాటిన్‌లో చదివి, తన అమెరికా యాస తెలుగులో చెబుతోంది. "తెల్ల రాయి నుంచి... వాగు వెంట... కిందికి..." వింటూ నడుస్తుంటే ఏ దేశమో, ఏ కాలమో కాసేపు తెలియలేదు. మా వెనక తడి గడ్డిలో ఇంకా చాలా పాదాలు వస్తున్నట్టే ఉంది.

సెక్యూరిటీ అతను ఆగి, "ఆర్ యూ గైస్ లుకింగ్ ఫర్ సంథింగ్?" అన్నాడు.

"ఎ మెడో," అంది మేఘన. అతను అర్థమైనట్టే తలూపి వెళ్ళిపోయాడు.

పల్లం దాటి ఎగువకు మళ్ళేసరికి నా మోకాళ్ళు మొరాయించాయి. అక్కడున్న బెంచీ మీద కూలబడ్డాను.

మేఘన కాగితం చూసి నవ్వింది. "లేడీ రెస్ట్ తీసుకుంది ఇక్కడే అంకుల్. మీరు కరెక్ట్‌గా ఆవిడ ప్లేస్‌లో కూర్చున్నారు."

"ఆవిడకీ నా వయసే అయ్యుంటుంది. ఇంక నావల్ల కాదమ్మా. తెల్లరాయి నుంచి అన్నాడుగా, అక్కణ్ణుంచే మిగతా ముక్క నువ్వు నడిచి రా."

ఆమె లాన్‌కి అడ్డం పడి ఇనుప పెట్టె దగ్గరికి వెళ్ళింది. అక్కణ్ణుంచి రెండో వైపు మిట్ట ఎక్కి, పొదల పక్కగా, పెదవులు కదుపుతూ నడిచి మంచులో కలిసిపోయింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఎవరో ముసలావిడ తడి గడ్డిలో కూర్చుని ఉంది. దూరంగా మనుషుల మాటలు. అవి మెల్లగా దగ్గరవుతున్నాయి. ఆవిడ తల తిప్పి అటు చూస్తోంది.

కళ్ళు తెరిచేసరికి, మేం రాని దారిన, నాకు ఎదురుగా మేఘన పరిగెత్తుకొస్తోంది.

"అంకుల్, లేవకండి! అక్కడే ఉండండి!"

"ఏమైంది?"

"ఆవిడ లేవలేదు! షీ నెవర్ గాట్ అప్!" ఆయాసపడుతూ కాగితం చూపించింది. "లాస్ట్‌లో 'పైన చెప్పిన చోటు దాకా' అని ఉంది కదా. స్టార్ట్ చేసిన చోటే అనుకున్నాను, వైట్ స్టోన్. కాదు. ఈ ప్లేస్! ఆవిడ నడవలేక ఇక్కడ కూర్చుండిపోతే, మిగతావాళ్ళు వెనక్కి వెళ్ళి, అదర్ సైడ్ నుంచి నడుచుకుంటూ ఆవిడ దగ్గరికి వచ్చారు. ఇది రాయి దగ్గర క్లోజ్ అవ్వదు అంకుల్. ఆవిడ దగ్గర అవుతుంది."

వరస ఏదీ ఎగిరిపోలేదు. ఆ లేఖరి చూసింది చూసినట్టు రాశాడు.

మేఘన నా పక్కన కూర్చుని కాగితం ఒళ్ళో పరుచుకుని మొదటి నుంచి మళ్ళీ చదివింది. "ఆవిడని ఇంటికి పంపేసి, కొడుకు నడిచాడని రాసేయొచ్చు కదా," అంది చివరికి.

"రాయలేదుగా."

"అవును. రాయలేదు."

శుక్రవారం వాళ్ళ ప్రొఫెసర్ అంతా విని, పత్రం తెప్పించుకుని మళ్ళీ చదివిందట. ఇది ఊహే కావచ్చు, కాని వరస పోయిందనడమూ ఊహే, నీ ఊహకు లేని వరసను కల్పించే పని లేదు, చాప్టర్ ఉంచు అందట. బూట్‌క్యాంప్ మాట మేఘన మళ్ళీ ఎత్తలేదు.

నన్ను క్లాసులోకి రానివ్వనివాళ్ళ మీద నా కోపం అలాగే ఉంది. తగ్గించుకునే ఉద్దేశమూ లేదు. కాని ఇన్నేళ్ళూ నేను కూడా వాళ్ళలాగే ఈ పత్రాలను కూర్చుని చదివానని ఆ రోజు తెలిసింది. అక్షరం పోల్చడం వచ్చింది, మింగిన మాట కక్కించడం వచ్చింది. ఆ వాక్యం పుట్టినప్పుడు ఎవరు నిలబడి ఉన్నారో, ఎవరు అలసిపోయారో అడగడం రాలేదు. ఇప్పుడు ఎవరైనా కొత్తగా వచ్చి పత్రం పరిస్తే, ముందు "వీళ్ళంతా ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు?" అని అడుగుతాను. కొందరు నన్ను వింతగా చూస్తారు. చూడనీ.

కోవిడ్ రోజుల్లో మేఘన డిఫెన్స్ జూమ్‌లో జరిగింది. డిఫెన్సంటే తన పరిశోధనను పరీక్షకుల ముందు నిలబెట్టుకోవడం. నేనూ, మోరిస్‌విల్ నుంచి వాళ్ళమ్మా మైకులు కట్టేసుకుని చూస్తున్నాం. ఒకాయన ఆ పచ్చికబయలు గురించి గుచ్చి గుచ్చి అడిగాడు. మేఘన గడగడా ఇంగ్లీషులో జవాబు చెప్పుకుపోతూ, ఆ ముసలావిడ పేరు దగ్గరికి వచ్చేసరికి, తనకు తెలియకుండానే "మటిల్డా గారు" అంది. పరీక్షకులెవరూ గమనించలేదు. తెర మీద వాళ్ళమ్మ మాత్రం చేత్తో నోరు మూసుకుంది.