చెయ్యెత్తే దొరసాని

జమ్మలమడుగులో నేను వంట చేసిన పేదపిల్లల హాస్టలును విదేశీ సంఘం ఒకటి నడిపేది. ఆ సంఘం బోర్డు మెంబరు, ఒక ముసలి దొరసాని, ఏటా వచ్చేది. పిల్లలతో పంక్తిలో కూర్చుని, వాళ్లలాగే చెయ్యెత్తి సంగటి అడిగేది.

"చెయ్యి దించమ్మా, ఈడ కొట్టే అయ్యవారెవురూ ల్యారు" అని నేను నవ్వేదాన్ని.

చివరిసారి ఆమె వచ్చిన రోజు, అన్నాల వేళ, బోర్డు హాస్టలును మూసేస్తోందని హాస్టలు టీచరమ్మ నా చెవిలో చెప్పింది. ఇక ఈ పిల్లలకు పులివెందుల అరటితోటల్లో కూలిపనే.

"మూసేయమని బోర్డులో చెయ్యెత్తినోళ్లు ఎవురో దొరసానిని అడుగమ్మా" అన్నాను. టీచరమ్మ ఇంగ్లీషులో అడిగింది.

దొరసాని తల వంచుకుని, మెల్లగా చెయ్యెత్తింది.

"అవ్వా, దొరసానికి ఇంకో ముద్ద కావాలంట!" అని పంక్తిలోంచి ఒక పాప నన్ను కేకేసింది.