ఆ అరుపు ఎవరిది

గౌలిపురాలో మా రాక్ గాయకుడు పోయి నెల తిరిగాక, పాత అభిమానులం నలుగురం ఆయన ఇంటి డాబా మీద చేరి పాటలన్నీ మళ్లీ విన్నాం. ఆయన ఒక్కడే పాడినవి గొప్పవనీ, భార్యతో కలిసి పాడినవి ఆమె అరుపులతో చెడిపోయాయనీ మా అందరి నమ్మకం.

ఒక్కడే పాడిన ఆల్బమ్ సగంలో ఉండగానే మాలో ఇద్దరు గురకపెట్టారు. జంట పాట పెట్టగానే ఆ గావుకేక వినబడింది. ఎదురింటి కొట్టంలో బర్రె బదులిచ్చింది. పక్కింటాయన "ఏందన్నా, ఎవల్ని కొడుతున్నరు?" అంటూ పరుగెత్తుకొచ్చాడు.

అప్పుడే ఆయన భార్య చాయ్ తీసుకుని పైకి వచ్చింది.

"ఈ అరుపు లేకుంటే పాట మస్తుండేది వదినా," అన్నాడు మాలో ఒకడు, మెల్లగా.

"నేను గూడ గదే చెప్పిన, ఇన్నడా? సన్నగ పాడేది నేను. గట్ల అరిచేది మీ అన్న," అంది ఆమె.

మేం పాట మళ్లీ పెట్టాం. ఈసారి ఆ కేకలో ఎంత వేదన ఉందో, ఎంత సాహసం ఉందో మాకు ఒక్కసారిగా అర్థమైంది.

"ఉస్తాద్ భాయ్, ఉస్తాద్!" అంటూ ఒకడు కళ్లు తుడుచుకున్నాడు.

వదిన చెవులు మూసుకుని కిందికి వెళ్లిపోయింది.